22 ఎకరాల పొలానికి ఏ రైఫిల్ కొనాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. డాలస్‌కి తూర్పున గంటన్నర దూరంలో 22 ఎకరాలు కొన్నారు. రోడ్డు వైపు వెడల్పు 400 అడుగులే, లోపలికి పొడుగ్గా వెళ్తుంది. పది మేకలు, కొన్ని కోళ్ళు పెట్టారు. కొయోట్లు (ఇక్కడి నక్కల్లాంటి అడవి జంతువులు) రెండు మేకపిల్లల్ని ఎత్తుకుపోయాయి. చెరువు పక్క నేలంతా అడవి పందులు దున్నేసి పోయాయి. ఇంతవరకు తుపాకీ చేత్తో పట్టుకున్నది లేదు. షాపులో ఏఆర్-15 (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా వరసగా పేలే సెమీ ఆటోమేటిక్ రైఫిల్) కొనమన్నారు, పక్క పొలం పెద్దాయన థర్టీ-థర్టీ (.30-30) చాలన్నాడు, ఆఫీసు మిత్రుడు 6.5 క్రీడ్‌మూర్ తప్ప వేరేది వద్దంటున్నాడు. చేతిలో వెయ్యి డాలర్లు. ఒక్కటే కొనాలంటే ఏది?

వాళ్ళు ముగ్గురూ తప్పేం చెప్పలేదు. ఎవరికి అలవాటైంది వాళ్ళు చెప్పారు. నేను టెక్సస్‌లోని హంట్ కౌంటీలో పదిహేనేళ్ళుగా పశువులు పెట్టుకుని ఉన్నాను. నా లెక్కలో రైఫిల్ పేరు చివర తేలాల్సిన విషయం. ముందు చూడాల్సింది మీరు కొట్టిన బుల్లెట్ ఎక్కడ ఆగుతుందన్నది. మీ పొలం ఆకారం చూస్తే దాని మీదే ఎక్కువ చెప్పాలనిపిస్తోంది.

దానికన్నా ముందు ఇంకో మాట. మీరు ఏ స్టేటస్‌లో ఉన్నారో రాయలేదు. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే ఈ పేరా వదిలేయండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ దాని మీద ఆధారపడేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఎందుకంటే ఇందులో కేసు పడితే జైలు ఒక్కటే కాదు, దేశం నుంచి పంపించేయడం దాకా పోతుంది. మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది అమ్మానాన్నలు వచ్చినప్పుడు. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారి చేతికి సరదాగా రైఫిల్ ఇచ్చి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆయనకీ అదే చట్టం వర్తిస్తుంది, ఇచ్చినవాళ్ళకీ ఇబ్బందే. అలాగే వీసాలో ఉన్న ఫ్రెండ్ కోసం మీ పేరు మీద కొనిపెట్టడం ఇంకో పెద్ద నేరం. షాపులో నింపే ఫారం 4473లో సూటిగా అడుగుతారు, ఈ తుపాకీ నిజంగా మీకోసమేనా అని.

ఇక పొలం సంగతి. 400 అడుగుల వెడల్పు అంటే 133 గజాలు. నడుమ నిలబడితే అటూ ఇటూ కంచె 67 గజాలే. పొడవు సుమారు 2,400 అడుగులు, అంటే 800 గజాలు. ఇప్పుడు అటుపక్క చూడండి: .22 అనే చిన్న తూటాల డబ్బా మీదే రాసుంటుంది, మైలున్నర దాకా ప్రమాదం అని. .223 (ఏఆర్-15లో మామూలుగా వాడే తూటా) అయితే రెండు మైళ్ళు. అన్నిటికన్నా చిన్న తూటా కూడా మీ పొలం పొడవుకి మూడింతలు దాటి పోగలదు. కాబట్టి చిన్న తుపాకీ కొంటే పక్కవాళ్ళకి భయం లేదు అనుకోవడానికి లేదు.

నాకు ఈ పాఠం మొదటి వేసవిలోనే వచ్చింది. చెరువులో కాటన్‌మౌత్ పాము తల పైకెత్తి ఈదుతోంది. చేతిలో .22 ఉంది, గట్టు మీద నుంచి ఒక్కటి కొట్టాను. పాము మునిగిపోయింది, బుల్లెట్ మాత్రం నీటి మీద చిల్లపెంకు ఎగిరినట్టు ఎగిరి పక్కాయన రేకుల షెడ్డుకి టంగుమని తగిలింది. ఆ సమయంలో ఆయన షెడ్డు లోపల ట్రాక్టర్ బాగుచేసుకుంటున్నాడు. బయటికొచ్చి నన్ను తిట్టలేదు. నా చేతిలో తుపాకీ చూసి, షెడ్డుకి పడిన సొట్ట చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు మాట్లాడలేదు. .22 బుల్లెట్ మెత్తటి సీసం, వేగం తక్కువ. నీటికో గట్టి నేలకో ఏటవాలుగా తగిలితే ముక్కలు కాదు, దారి మార్చుకుని ఎగిరిపోతుంది. సెకనుకి 3,200 అడుగుల వేగంతో పోయే .223 తేలిక బుల్లెట్ నేలకి తగిలితే చాలాసార్లు తునాతునకలైపోతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, చదును నేల మీద ఎగిరిపడే బెడద ఈ .223 తేలిక బుల్లెట్ కంటే చిన్న .22తోనే ఎక్కువ. ఏ తూటాకైనా వెనక మట్టి అడ్డు ఉండాల్సిందే, అందులో మార్పు లేదు.

చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. టెక్సస్‌లో వేటాడుతూనో సరదాకి కాలుస్తూనో మీరు పేల్చిన బుల్లెట్ తెలిసి తెలిసి సరిహద్దు దాటితే, అవతలి యజమాని రాతపూర్వక అనుమతి లేనప్పుడు అది నేరం. మీ భూమి ఏదైనా సబ్‌డివిజన్‌లో (ప్లాట్లుగా విడగొట్టిన లేఅవుట్‌లో) భాగమా, ఒకే ప్లాటా రెండు మూడు ప్లాట్లు కలిపారా అనేది కాగితాల్లో చూసుకోండి. సబ్‌డివిజన్‌లో పది ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న ప్లాట్ల మీద కాల్పుల్ని కౌంటీ ఆపగలదు. షెరిఫ్ ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే చెబుతారు.

మీరు చేయాల్సిన పని ఇది. ఒక ఆదివారం పొలమంతా నడవండి. గూగుల్ మ్యాప్ తీసి చుట్టూ రెండు మైళ్ళలో ఉన్న ఇళ్ళు, రోడ్లు, షెడ్లు గుర్తుపెట్టండి. ఎక్కడ నిలబడి ఎటు కొడితే బుల్లెట్ మట్టిలోకి పోతుందో చూడండి. మీకు చెరువుంది కదా, దాని మట్టికట్ట బయటివైపు పొడిగా ఉండే ఏటవాలు మీ పొలంలో అన్నిటికన్నా విలువైన చోటు. పందులకి మొక్కజొన్న వేస్తే దాని ముందే వేయండి. రెండోది, పది పన్నెండడుగుల ఎత్తున ఒక మంచె కట్టుకోండి. మన ఊళ్ళలో జొన్నచేలో పిట్టల్ని తోలడానికి కట్టినట్టే. పైనుంచి కిందికి కొడితే తప్పిన బుల్లెట్ కూడా కొద్ది దూరంలోనే నేలలో దిగుతుంది. కొద్దిపాటి కలపతో అయ్యే ఈ మంచె, మీకు ఏ రైఫిల్ కంపెనీ అమ్మలేని సేఫ్టీ ఇస్తుంది.

ఇప్పుడు తూటాల విషయం. మీకు కొత్త కాబట్టి ఒక్క మాట: .223, .30-30 అనేవి తూటా పేర్లు, రైఫిల్ పేర్లు కావు. ఒకే రైఫిల్ మోడల్ ఐదారు రకాల తూటాలకి దొరుకుతుంది. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో చెబుతారు. మన బంగారం పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఆ లెక్కన .22 బుల్లెట్ 40 గ్రెయిన్లు, పావు తులం కన్నా తక్కువ. .223 బుల్లెట్ 55 నుంచి 64. థర్టీ-థర్టీది 150 గానీ 170 గానీ, అంటే తులానికి దగ్గర.

పక్క పొలం పెద్దాయన చెప్పిన థర్టీ-థర్టీ 1895లో వచ్చింది. ఆయనలాంటి వాళ్ళ ట్రక్కుల్లో తరాలుగా ఉన్నది అదే. వంద, నూటయాభై గజాల్లో జింకకైనా పందికైనా ఢోకా లేదు. దాన్ని పేల్చే లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ ఆడించి తూటా ఎక్కించేది) సన్నగా ఉంటుంది, తీసుకెళ్ళడానికి హాయి. కానీ కొత్త లీవర్ రైఫిళ్ళు ఇప్పుడు మీ బడ్జెట్ మొత్తం తినేస్తాయి, తూటా ఒక్కోటి డాలర్ పైమాటే. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్ళకి దాని తన్ను, అంటే పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, కూడా ఎక్కువే. మొదటి వారం భుజం నొప్పి పుడితే రెండో వారం ప్రాక్టీస్ మానేస్తారు, తర్వాత పేల్చే ముందే కళ్ళు మూసుకునే అలవాటు పడిపోతుంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నాకు తెలిసిన ఒకాయనకి రెండేళ్ళు పట్టింది.

6.5 క్రీడ్‌మూర్ అయితే నాలుగైదు వందల గజాల దూరానికి మంచి తూటా. మీకు అంత దూరం ఎక్కడుంది? పొడవునా కొట్టాలంటే వెనక ఏముందో ముందు చూడాలి.

ఏఆర్-15 గురించి నాకేం వ్యతిరేకత లేదు, ఇంట్లో ఒకటుంది. పదిహేను పందుల గుంపు వచ్చినప్పుడు దానికి సాటి లేదు. కానీ గుంపు పరిగెత్తేటప్పుడు మీరు గబగబా కొట్టే ఐదో తూటాకీ ఆరో తూటాకీ వెనక మట్టికట్ట ఉండదు, అప్పటికి తుపాకీ మూతి కంచె వైపు తిరిగిపోయి ఉంటుంది. 67 గజాల్లో కంచె ఉన్న పొలంలో, మొదటిసారి తుపాకీ పడుతున్నవాళ్ళకి ఒక్కొక్కటిగా కొట్టే బోల్ట్ యాక్షనే నా సలహా. బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోసే ఆ ఒక్క క్షణంలో మళ్ళీ చూసుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

కాబట్టి ఒక్కటే అంటే: .223 బోల్ట్ యాక్షన్ రైఫిల్. రూగర్ అమెరికన్, శావేజ్ లాంటివి ఐదారు వందల్లో దొరుకుతాయి. టిక్కా కొంచెం ఎక్కువ, బోల్ట్ నూనె రాసినట్టు జారుతుంది. కొట్టుకి వెళ్ళి మూడూ భుజానికి ఆనించి చూడండి. చెంప ఆనించగానే స్కోప్ వెనక కన్ను దానంతటది కుదిరితే అదే మీది. తన్ను బాగా తక్కువ, మీ ఇంటావిడ కూడా మొదటి రోజే భయం లేకుండా కాలుస్తారు, ప్రాక్టీస్ తూటా అర డాలర్‌కి అటూ ఇటూ దొరుకుతుంది. మిగతా డబ్బులో రెండు వందలకి 2-7 గానీ 3-9 గానీ (అన్ని రెట్లు దగ్గరకి చూపించే) స్కోప్, దాన్ని రైఫిల్‌కి బిగించే మంచి మౌంట్. 24 రెట్లు దగ్గరకి తెచ్చే స్కోప్ కొనమని షాపువాళ్ళు అంటారు, వద్దు. చీకట్లో ముప్ఫై గజాల్లో జంతువు కనబడితే అందులో వెంట్రుకలు తప్ప ఏమీ కనబడవు.

.223 పందికి చాలుతుందా అని చాలామంది వాదిస్తారు. వంద గజాల లోపు, సరైన బుల్లెట్‌తో, సరైన చోట కొడితే చాలుతుంది. ఈ మూడింట్లో ఒకటి తప్పినా చాలదు. చవగ్గా దొరికే 55 గ్రెయిన్ల పూర్తి రాగి తొడుగు బుల్లెట్ ప్రాక్టీస్‌కి మాత్రమే. అది సన్నటి కన్నం చేసి అవతలికి పోతుంది, పంది గాయంతో పక్కవాడి పొలంలోకి వెళ్ళి రెండు రోజులకి చస్తుంది. పందికి 62-64 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొనలో మెత్తటి సీసం ఉండి తగలగానే విచ్చుకునే బుల్లెట్) వాడండి. ఇక చోటు: పంది గుండె జింకకన్నా కిందికీ ముందుకీ ఉంటుంది, ముందుకాళ్ళ సందులోనే అనుకోండి. మగపంది భుజం మీద పట్టీలాంటి మందమైన తోలు ఉంటుంది. జింకకి కొట్టినట్టు భుజం వెనక నడిమి ఎత్తులో కొడితే పొట్టలో తగులుతుంది. కదలకుండా పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు చెవి వెనక కొట్టగలిగితే అక్కడే పడిపోతుంది. కుదరకపోతే కొట్టకండి, రేపు మళ్ళీ వస్తుంది. తూటా బ్రాండ్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ కాగితం మీద కొట్టి సరిచూసుకోవాలి, తగిలే చోటు రెండంగుళాలు మారొచ్చు. మీ వైపు 250 పౌండ్ల మగపందులు తరచుగా వస్తుంటే మాత్రం అదే రైఫిల్‌ని .243లో తీసుకోండి. 1955 నుంచి ఉన్న తూటా, తన్ను ఇంకా భరించగలిగేదే, తూటా ఖరీదే కాస్త కష్టం.

ఇంత చెప్పాక ఇంకో నిజం. రైఫిల్ వల్ల మీ పందుల సమస్య తీరదు. ఆడపంది ఎనిమిది నెలలకే చూలు కట్టడానికి సిద్ధం, ఈతకి ఐదారు పిల్లలు. టెక్సస్‌లో వీటి సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండొంతులు తీసేయాలని టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్ళ లెక్క. మీరు ఒకదాన్ని కొడితే మిగతావి వారం రోజులు రాత్రి వేళలు మార్చుకుంటాయి, అంతే. పనిచేసేది గుండ్రటి పెద్ద బోను. ఇనప ప్యానెళ్ళతో దొడ్డి కట్టి, తలుపు తెరిచి ఉంచి, వారం పదిరోజులు మొక్కజొన్న మేపి, గుంపంతా లోపలికి రావడం కెమెరాలో చూశాక అప్పుడు తలుపు వదలాలి. ఒకటి రెండు లోపలికి రాగానే ఆత్రపడి వదిలేస్తే, బయట ఉన్నవి జన్మలో బోను దగ్గరికి రావు. పక్క రైతులతో కలిసి కొనుక్కోవచ్చు. రైఫిల్ పని బోనులో పడినవాటిని బాధ లేకుండా ముగించడం, బోనుకి లొంగని ఒంటరి మగపందిని చూసుకోవడం.

ఊరికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెబితే మావాళ్ళు నమ్మలేదు. ఇండియాలో అడవిపంది 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద ఉన్న జంతువు, రైతు తనంతట తాను కొట్టడానికి లేదు, తుపాకీ లైసెన్స్‌కి ఏళ్ళ తరబడి తిరగాలి. ఇక్కడ 2019 నుంచి ప్రైవేట్ భూమిలో యజమాని ఒప్పుకుంటే పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ కూడా అడగరు. జింకకి మాత్రం లైసెన్సూ సీజనూ అన్నీ ఉంటాయి. పైన తిరిగే గద్దలు, రాబందుల జోలికి అసలు వెళ్ళకండి, మేకపిల్లని పొడిచినా సరే, అవి ఫెడరల్ రక్షణలో ఉన్నాయి.

కొయోట్ల విషయంలో కూడా అంతే. మందని కాపాడుకోవడానికి వాటిని కొట్టొచ్చు. కానీ అవి తెల్లవారుజామున మూడింటికి వస్తాయి, మీరు డాలస్‌లో నిద్రపోతుంటారు. ఒక జత గ్రేట్ పిరనీస్ కుక్కల్ని మేకలతోనే పెంచండి. మా దగ్గర కుక్కలు వచ్చాక ఆరేళ్ళలో పోయింది ఒకే ఒక్క పిల్ల. రాత్రి మేకల్ని గట్టి కంచెలోకి తోలండి. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయని కొట్టకండి. ఆ కళ్ళు పక్కాయన దూడవి కావొచ్చు, మీ కుక్కవే కావొచ్చు. జంతువు మొత్తం కనబడాలి, దాని వెనక ఏముందో కూడా కనబడాలి.

రెండో రైఫిల్‌కి డబ్బు కుదిరినప్పుడు .22 కొనండి. రూగర్ 10/22 అయితే 1964 నుంచి అదే మోడల్, మూడు వందల పైచిలుకు. కోళ్ళగూట్లో దూరిన రకూన్‌కి అది చాలు. నిజానికి కాల్చడం నేర్చుకునేది దాంతోనే, తూటా పది సెంట్లకి అటూ ఇటూ. ఎవరైనా అరువిస్తే, వాళ్ళ సమక్షంలో వాళ్ళ రేంజ్‌లో మొదటి ఐదు వందల తూటాలు దాంతోనే కాల్చండి. తర్వాతే .223 ముట్టుకోండి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేసేయండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి వెళ్ళాలంటే ఎలాగూ కావాలి.

చెవుల గురించి ఎవరూ చెప్పరు. నా ఎడమ చెవిలో ఇప్పుడు ఎప్పుడూ కీచురాయి కూస్తుంటుంది. మొదట్లో రెండు మూడుసార్లు ఏమవుతుందిలే అని చెవులు మూసే మఫ్స్ లేకుండా .223 కాల్చాను. ఒక్క తూటా చాలు చెవికి నష్టం చేయడానికి. మీ బడ్జెట్‌లోనే ముప్ఫై డాలర్లు దానికి పక్కన పెట్టండి. కళ్ళద్దాలు కూడా.

ఇంకో ఖర్చు, ఇనప సేఫ్. పొలంలో ఖాళీగా ఉండే ట్రెయిలర్‌లో రైఫిల్ వదలకండి, దొంగలకి అదే కావాలి. ఇంట్లో పెడితే తాళంలో పెట్టండి, తూటాలు వేరే చోట. 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి తూటా ఎక్కించిన తుపాకీ చిక్కేలా వదిలేస్తే టెక్సస్‌లో కేసు మీ మీదే. మా పిల్లలు ముట్టుకోరండీ అని ప్రతి తండ్రీ అంటాడు, నేనూ అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మనసు బాగోలేక కుంగిపోయి ఉన్నా ఆ కొన్నాళ్ళు రైఫిల్ ఇంట్లో ఉంచకండి, నమ్మకమైన మిత్రుడి సేఫ్‌లో పెట్టండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా అడగండి.

చివర్లో చెక్క స్టాకా ప్లాస్టిక్ స్టాకా (భుజానికి ఆనించే, బారెల్‌ని మోసే భాగం) అని కూడా అడిగారు. ప్లాస్టిక్ తీసుకోండి. మీది చెరువు పక్క తేమ నేల, ఉదయం మంచు, మధ్యాహ్నం 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ట్రక్కు. నా చెక్క స్టాక్ రెండేళ్ళలో ఉబ్బి బారెల్‌కి ఒరుసుకుని, నేను గురి చూసిన చోటికి నాలుగంగుళాలు ఎడమకి కొట్టడం మొదలుపెట్టింది. తప్పు నాదే అనుకుని మూడు డబ్బాల తూటాలు తగలేశాను.